మాట విన్న రోగి

డయాలసిస్ గదుల్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. "మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఒకటి చెప్పండి సార్" అంటారు. వాళ్లకు కావలసింది నేనెవరినో బతికించిన కథ. అలాంటివి చెప్పడానికి ఆసుపత్రి ముందు బోర్డులున్నాయి, సభల్లో మైకులున్నాయి. నేను మరిచిపోలేనిది మాత్రం ఒక మనిషిని నా చేతిరాతతో చావుదాకా తీసుకెళ్లిన సంగతి. వినే ఓపికుంటే వినండి. ఫోన్లో అయితే మధ్యలో పెట్టేస్తారని రాస్తున్నాను.

మా ఆసుపత్రి పేరు చెప్పను. రాయగడ నుంచి కొరాపుట్ వెళ్లే దారిలో ఎక్కడో ఉందనుకోండి. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి మున్సిపాలిటీ పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, ఆఫీసులో రెండింటికీ హిందీ పోపు పెట్టిన భాష. నేను లాబ్ టెక్నీషియన్‌గా చేరి ఇరవై ఏళ్లకు పైగా మూత్రం సీసాలు పట్టుకున్నాను. ఆసుపత్రికి డయాలసిస్ మిషన్లు వచ్చినప్పుడు, మూత్రంతో ఇంత పరిచయమున్నవాడు ఇంకెవడున్నాడని పెద్దలంతా ఆలోచించి, కొన్నాళ్లు శిక్షణకు పంపి, నన్ను ఆ గదిలో వేశారు. తీరా అక్కడికి వచ్చేవాళ్లకు మూత్రమే రాదు.

పని గురించి రెండు ముక్కలు చెప్తాను, అంతకంటే అక్కర్లేదు. మూత్రపిండాలు పాడైతే వంట్లో తయారయ్యే మలినాలకు బయటికి పోయే దారి ఉండదు. నెత్తుర్లోనే పోగుపడతాయి. వారానికి రెండుసార్లు, నాలుగేసి గంటలు, ఆ నెత్తుటిని మిషన్లో తిప్పి శుభ్రం చేసి మళ్లీ లోపలికి పంపడమే డయాలసిస్. మధ్యలో ఉన్న రోజుల్లో ఏం తిన్నారు, ఎంత తాగారు అన్నదాని మీదే వాళ్ల బతుకు. ముఖ్యంగా పొటాషియం. అది మీరితే గుండె ఆగుతుంది. అరటిపళ్లలో, కొబ్బరినీళ్లలో అది దండిగా ఉంటుంది.

ఏం తినాలో చెప్పే రంగుల పోస్టరు ఒకటి రాజధాని నుంచి వచ్చింది. గోడకు అంటించి, అంటించినట్టు ఫొటో తీసి పంపమన్నారు. పంపాం. దాన్ని చదివిన మొట్టమొదటి రోగి, బహుశా చివరి రోగి కూడా, గునుపురం దగ్గర పల్లె నుంచి వచ్చే రైతు. అరవై దాటిన మనిషి. నేను మావా అని పిలిచేవాణ్ణి. మంచం మీద పడుకుని, చేతికి గొట్టాలతో, ఆ పోస్టరు వైపే చాలాసేపు చూశాడు.

"ఏటి బాబూ ఆ పచ్చది? కోబీ పువ్వుకి సీడ పట్టిందేటి?"

"అది బ్రోకలీ, మావా."

"మరా ఎర్రముక్క?"

"చేప."

"సేపా? నాను గుమ్మిడికాయ ముక్కనుకున్నాను. ఇవి మన సంతలో దొరుకుతాయేటి?"

దొరకవన్నాను. "అయితే నానేటి తినాల?" అని అడిగాడు. ఆ ప్రశ్న చాలా న్యాయమైనది. ఆ గదిలో అంతవరకూ ఎవరూ అడగనిది కూడా. మిగతావాళ్లు ఏం తినాలో అడగరు, తిన్నది దాస్తారు. ఉదాహరణకు మున్సిపాలిటీలో ట్రాక్టరు నడిపిన ఒకాయన. ప్రతిసారీ మూడు కేజీల బరువు పెరిగి వచ్చి, "ఒట్టు బాబూ, గాలి తప్పితే ఏటీ మింగనేదు" అనేవాడు. మా రైతు అలా కాదు. తాగే నీళ్లకు ఒక చెంబు పెట్టుకుని దాని మీద మేకుతో గీత గీయించుకున్నాడు. ఆ గీత దాటి గుక్కెడు తాగడు. ఉప్పు మానెయ్యమంటే ఆ రోజే మానేశాడు. కూరముక్కలు ఉడికించి ఆ నీళ్లు పారబోసి మళ్లీ ఉడికించమంటే, వాళ్లమ్మాయి రెండేళ్లు అలాగే వండింది. పెళ్లై భర్త పోయి తిరిగొచ్చిన మనిషి ఆమె. పొలం చూసుకుంటూ, వారానికి రెండుసార్లు రెండు బస్సులు మారి తండ్రిని తీసుకొచ్చేది. మా సర్వీసులో అంత మాట వినే రోగిని ఇంకొకణ్ణి చూడలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

ఇప్పుడు పళ్ల సంగతి. మన దగ్గర నాయకుడికి పుట్టినరోజు వస్తే రోగికి పండు తప్పదు. అన్ని వార్డుల్లోకీ మా గదంటే నాయకులకు ప్రీతి. ఏసీ ఉంటుంది, రోగులు నాలుగు గంటలు కదలకుండా దొరుకుతారు, వెనకాల మిషన్ల దీపాలు ఫొటోలో బాగా పడతాయి. ఒక్క అరటిపండును ఆరుగురు పట్టుకునేవారు, ఏడో చెయ్యి రోగిది. పంపిణీ ముందు గుమ్మం నుంచి జరిగేది. వాళ్ల కార్లు గేటు దాటగానే మేము ఆ అరటిపళ్లన్నీ రోగుల చేతుల్లోంచి లాక్కుని వెనక గుమ్మం నుంచి బయటికి చేర్చేవాళ్లం. ఒకసారి మా ట్రాక్టరు డ్రైవరు రెండు పళ్లు దుప్పటిలో దాచి తినేసి, మర్నాడు గుండె దడతో వచ్చాడు. పుట్టినరోజు కాస్తా ఆయన చావురోజు అయ్యేది.

అప్పుడు నాకు పౌరుషం వచ్చింది. ఆసుపత్రి మీటింగులో లేచి నిలబడి, "అరటిపళ్లు మా రోగులకు విషం సార్" అన్నాను. నాయకుడి తరఫున వచ్చినాయన నన్ను ఎగాదిగా చూసి, "పండు లేకుండా పుట్టినరోజు ఎలాగండీ? ఏ పండు ఇవ్వాలో మీరే చెప్పండి" అన్నాడు. సూపరింటెండెంట్ గారు వెంటనే ఆ పని నాకు అప్పగించారు. మీటింగుల్లో నోరెత్తినవాడికే పని పడుతుందని మీకూ త్వరలో తెలుస్తుంది.

ఆ వారం నేను మామూలు మనిషిని కాను. రాజధాని పోస్టరు పీకేసి, చార్టు కాగితం మీద స్కెచ్ పెన్నులతో మన నోటికి తగిన జాబితా రాశాను. పైన తెలుగులో, కింద ఒడియాలో. మండియా జావ, అదే రాగి జావ, ఎంత తాగాలి, ఏ ఆకుకూర మానాలి, ఏ కూర రెండుసార్లు ఉడకబెట్టాలి. అందరూ మెచ్చుకున్నారు. పళ్ల దగ్గరికి వచ్చేసరికి, సూపరింటెండెంట్ గారి క్వార్టర్స్ వెనక చెట్టు విరగకాసి కనిపించింది. కర్మంగ చెట్టు. అయిదు రెక్కల పుల్లటి పసుపు పండు, అడ్డంగా కోస్తే నక్షత్రంలా ఉంటుంది. ఫోన్లో వెతికాను. పొటాషియం అరటిపండులో సగం కూడా లేదు. విటమిన్లు బోలెడు. మొదటి పేరా చదివి పొంగిపోయి, జాబితాలో పళ్ల కింద కర్మంగ అని రాసేశాను. ఆ పేజీని ఇంకాస్త కిందికి జరిపి చూడలేదు. వేలు ఒక్కసారి కదిపితే చాలు. కదపలేదు.

మా నర్సు కల్యాణసింగ్‌పూర్ వైపు ఒడియా అమ్మాయి, నన్ను భాయినా, అంటే అన్నయ్యా, అని పిలిచేది. తక్కువ మాట్లాడుతుంది, ఎక్కువ చూస్తుంది. చార్టు చూసి, "వైజాగ్ మేడమ్‌ని ఒకసారి అడక్కూడదా, భాయినా?" అంది. వైజాగ్ మేడమ్ అంటే, మాకు ఏ సందేహం వచ్చినా ఫోన్లో సలహా ఇచ్చే కిడ్నీ డాక్టరమ్మ.

"పెరట్లో కాసే పండు కోసం ఆవిణ్ణి అడిగితే నవ్వుతారు సిస్టర్" అన్నాను. లోపల కొంచెం మండింది కూడా. ఇన్నేళ్ల సర్వీసున్నవాణ్ణి, కర్మంగ గురించి ఇంకొకరిని అడగాలా?

మా గదిని చూసుకునే డాక్టరు గారు జ్వరాలూ, పాముకాట్లూ, కోర్టు సర్టిఫికెట్లూ కూడా చూసుకునేవారు. నడుస్తూనే అడిగారు.

"పొటాషియం చూశావా?"

"చూశాను సార్. చాలా తక్కువ."

"అయితే పెట్టెయ్" అని, నడుస్తూనే సంతకం చేశారు.

పుట్టినరోజు నాడు నాయకుడు రెండు గంటలు ఆలస్యంగా వచ్చాడు. మా రైతుకు డయాలసిస్ అయిపోయింది, సూదులు తీసేశారు, బస్సుకు బయల్దేరబోతున్నాడు. మంచాలు ఖాళీగా ఉంటే ఫొటో బాగుండదని మళ్లీ పడుకోబెట్టారు. సూదుల్లేని చేతికి గొట్టం ఒకటి ఆనించి ప్లాస్టరు వేశారు. రోగుల తాలూకు మనుషుల్ని భద్రత పేరుతో కాంపౌండు బయటికి తోలేశారు. వాళ్లలో ఆ అమ్మాయి కూడా ఉంది.

నాయకుడు కర్మంగ పండును తిప్పి చూసి, "ఇదేంటి?" అన్నాడు.

"లోకల్ సార్. రోగులకు ప్రత్యేకం" అన్నారు సూపరింటెండెంట్ గారు.

అంతే, మన నేల, మన పండు, మన మందు అంటూ పావుగంట ఉపన్యాసం. నా పేరు కూడా చెప్పి చప్పట్లు కొట్టించాడు. నేను చేతులు కట్టుకుని నేల చూశాను. వినయంగా కనబడాలని.

అందరూ వెళ్లాక రైతు సంచిలో నాలుగు పళ్లు పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "ఇయి తినొచ్చా బాబూ? నిజంగానా?"

"మీ కోసమే పెట్టించాను మావా."

"ఎన్ని తినాల?"

అన్నీ కొలుచుకుని తినే మనిషి మరి. "రెండు తిన్నా ఏం కాదు" అన్నాను. పండు తిని ఎన్నాళ్లయిందోనని ఆ ముఖం వెలిగిపోయింది. అది చూసి నేను నా జాబితాను ఇంకోసారి చదువుకున్నాను.

మర్నాడు పొద్దున్నే అమ్మాయి ఫోన్ చేసింది. "బాబూ, నాన్నకి రేత్రినుంచి ఎక్కిళ్లు ఆగట్నేదు. నీళ్లు తాగమంటే గీత దాటిపోద్దని తాగట్నేదు."

"ఎవరో గట్టిగా తలుచుకుంటున్నారమ్మీ. నిన్నటి నాయకుడే అయ్యుంటాడు. కాస్త పంచదార చప్పరించమను" అని నవ్వాను. మలినాలు పెరిగినప్పుడు వాళ్లకు ఎక్కిళ్లు రావడం మామూలే. ఆమె కూడా నవ్వింది. నా మాట మీద అంత నమ్మకం.

పదకొండు కాకముందే ట్రాక్టరు డ్రైవరు, ఆ రోజు తన వారం కాకపోయినా, వచ్చాడు. ఎక్కిలి, తిట్టు, ఎక్కిలి, తిట్టు. "ఏటి బాబూ ఇది, మాటనివ్వట్నేదు!"

నర్సు ఆయన్ని కుర్చీలో కూచోబెట్టి నా వైపు తిరిగింది. "గునుపురం మామకీ ఎక్కిళ్లే అన్నారు కదా, భాయినా. ఇద్దరికీ ఒకే రోజు ఎలా వచ్చాయి? నిన్న ఇద్దరూ ఏం తిన్నారు?" అని, గోడ మీద నా చార్టు వైపు చూసింది. నేనూ చూశాను. ఫోన్ తీసి నంబరు నొక్కాను.

వైజాగ్ మేడమ్ ఫోన్ ఎత్తారు. ఇద్దరికి ఎక్కిళ్లనగానే ఇంకేమీ అడగలేదు. "స్టార్ ఫ్రూట్ తిన్నారా?"

"అంటే మేడమ్... కర్మంగ..."

"అదే. ఎవరిచ్చారు వాళ్లకి?"

"పంపిణీలో వచ్చింది మేడమ్" అన్నాను. మన ఆఫీసుల్లో పనులు ఎవరూ చెయ్యరు కదా, వాటంతటవే వస్తాయి.

ఆవిడ తిట్టలేదు. గబగబా చెప్పారు. ఆ పండులో ఒక విషపదార్థం ఉంటుంది. మూత్రపిండాలు బాగున్నవాళ్లు తింటే అది సద్దు లేకుండా బయటికి పోతుంది. పాడైనవాళ్లకు వంట్లోనే పోగుపడి మెదడుకెక్కుతుంది. ముందు ఎక్కిళ్లు, తర్వాత తికమక, తర్వాత మూర్ఛ, ఆ తర్వాత చెప్పక్కర్లేదు. "తిన్నవాళ్లందర్నీ ఇప్పుడే రప్పించండి. బాగానే ఉన్నామన్నా సరే. వెంటనే డయాలసిస్‌కి పెట్టండి. నాలుగు గంటలతో ఆపొద్దు."

నేను పరుగెత్తుకెళ్లి సూపరింటెండెంట్ గారికి చెప్పాను. ఆయన బల్ల మీద ఆ రోజు పేపరు విప్పి ఉంది. మొదటి పేజీలో నాయకుడు, పండు, నేను. ఆయన ఫొటోనూ నన్నూ మార్చి మార్చి చూశారు.

"పిలిపించు. కానీ విషం గిషం అనకు. చెకప్ అని చెప్పు."

చెకప్ అనే చెప్పాను. అమ్మాయి ఏమంటుంది? "కోతలవుతున్నాయి బాబూ. మనుసుల్ని పెట్టీసేను. నాన్న ఇప్పుడే కునుకు తీసేడు. రేపొద్దున్న ఫస్టు బస్సుకి వచ్చీమా?" సరే రమ్మన్నాను. నిజంగా అలాగే అన్నాను. ఫోన్ పెట్టేసి మిగతావాళ్లకు చెయ్యడం మొదలుపెట్టాను. ఒకాయన పళ్లు మనవలకు పంచేశాడు, వాళ్లు లక్షణంగా ఆడుకుంటున్నారు. ఒకావిడ పులుపని మేకకు పడేసింది. ఇంకొకాయన బస్సులో మరిచిపోయాడు. నా ప్రచారం అంతగా ఫలించకపోవడం వల్ల వీళ్లంతా గట్టెక్కారు. జీవితంలో నా మాట ఒక్కటీ వినని ట్రాక్టరు డ్రైవరు ఒక్క ముక్క కొరికి పారేశాడు కాబట్టి ఎక్కిళ్లతో సరిపెట్టుకున్నాడు. చెప్పింది చెప్పినట్టు రెండు పళ్లూ తిన్నవాడు ఒక్కడే.

"మామ వస్తున్నారా?" అని అడిగింది నర్సు.

"రేపొద్దున."

ఆమె సిరంజి పక్కన పెట్టి నా ముఖంలోకి చూసింది. "భాయినా, అది కునుకు కాదేమో" అంది.

మళ్లీ ఫోన్ చేశాను. అరగంట పోయింది అప్పటికే. ఆ అరగంటను నేనెవరికీ అప్పజెప్పలేను, అది నాదే. "అమ్మీ, చెకప్ కాదు. ఆ పండు వీళ్లకి పడదు. పేనం మీదికొస్తాది. నాన్నని లేపు, ఇప్పుడే బయల్దేరు."

ఫోన్ పక్కన పెట్టి ఆమె పిలవడం వినబడింది. నాన్నా, నాన్నా అని మూడుసార్లు. తర్వాత గొంతు మారిపోయింది. "నన్ను సూసి ఎవులమ్మీ నువ్వు అంతన్నాడు బాబూ." ఆ వెంటనే, "పడనిది ఎందుకు పంచేరు బాబూ?" అంది.

"అదంతా తర్వాత. ముందు బయల్దేరు."

అంబులెన్సు ఎక్కడో కొండ మీద ఉందన్నారు. ఆమె సంతకు కూరలు తోలే వ్యాన్ ఆపి, వంకాయ బస్తాల మధ్య తండ్రిని పడుకోబెట్టి తీసుకొచ్చింది. మధ్యాహ్నం రెండు దాటింది. గేటు దగ్గర దింపుతుండగానే మూర్ఛ వచ్చింది. ఇంజెక్షన్ ఇచ్చి లోపలికి మోశాం. మాకున్న మూడు మిషన్లలో ఒకటి జయపురం నుంచి రావలసిన మెకానిక్ కోసం నెల రోజులుగా ఎదురుచూస్తోంది. ఒకదాని మీద డ్రైవరు, ఇంకోదాని మీద తన వారానికి వచ్చిన ముసలావిడ. ఆవిడ తల తిప్పి చూసి, "నన్ను దింపీండి బాబూ, నాకింకా ఓపికుంది" అంది. గంట ముందే దిగిపోయింది.

రైతు చెయ్యి నా చేతుల్లో ఉంది. ఆ చేతికి వందసార్లకు పైగా సూది గుచ్చాను, ఒక్కసారీ తప్పలేదు. ఆ రోజు మొదటిసారి తప్పింది. నర్సు నా భుజం మీద చెయ్యి వేసి, "మెల్లిగా, భాయినా" అంది. రెండోసారి దొరికింది. నెత్తురు గొట్టంలోకి ఎక్కి మిషన్ తిరగడం మొదలుపెట్టాక నాకు కూచోవాలనిపించింది. కూచోలేదు. కూచుంటే ఏడుస్తానని భయం వేసింది.

వీధి దీపాలు వెలిగేవేళకి ఎక్కిళ్లు తగ్గాయి. ఇంకాసేపటికి కళ్లు తెరిచి కప్పు వైపు, మిషన్ వైపు, నా వైపు చూశాడు.

"ఇయ్యాల నా వారం కాదు గదా బాబూ?"

నర్సు పకపకా నవ్వింది. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను. మర్నాడు ఇంకో విడత పెట్టాం. మూడోనాటికి తన పల్లె, తన చెంబు అన్నీ గుర్తొచ్చాయి.

మూర్ఛ సంగతి ఎలాగో బయటికి పొక్కింది. విచారణ వేశారు. ఆ కబురు తెలిసిన రోజు నేను చేసిన మొదటి పని, గోడ మీద జాబితా ఊడదీయడం. చింపలేదు. బుద్ధిగా మడిచి జేబులో పెట్టుకున్నాను. మర్నాడు చూస్తే ఆ గోడ మీద రాజధాని పోస్టరు, బ్రోకలీ చేపలతో సహా, మళ్లీ వెలిసింది. ఎవరు అంటించారని ఎవరూ అడగలేదు.

విచారణాధికారి మంచివాడే. కాకపోతే ఆయన చేతిలో ఒక ఫారం ఉంది, ఫారంలో మూడు గళ్లున్నాయి. మిషన్ లోపం, సిబ్బంది లోపం, రోగి నిర్లక్ష్యం. ఏదో ఒకదానికి టిక్కు పడాలి. పళ్ల పంపిణీకి గడి లేదు. సూపరింటెండెంట్ గారు టీ, జీడిపప్పు బిస్కెట్లు పెట్టించారు. ఎదురుగా కుర్చీలో రైతు, వెనకాల కూతురు, తలుపు దగ్గర నేను. పాతికేళ్ల సర్వీసు, పింఛను, వీధిలో పరువు, అన్నీ ఆ రెండో గడి మీద వేలాడుతున్నాయి.

"పండు ఎవరిచ్చారు?"

"పంచేరు బాబూ. అందరికీ పంచేరు."

"తినమని ఎవరైనా చెప్పారా?"

రైతు నా వైపు చూడలేదు. "నేదు. ఈ బాబు తినొద్దనే సెప్పేడు. నానే నోరు కట్టుకోనేక తినీసేను."

అధికారి నా వైపు తిరిగి, "మీరు హెచ్చరించారా?" అన్నాడు.

పిల్లలూ, ఇక్కడ మీరు నా నుంచి ఏదో ఆశిస్తారని తెలుసు. నేను తలూపాను. కిందికీ పైకీ. చిన్నగా, ఒకేసారి. అంతే, మూడో గడిలో టిక్కు పడింది. కూతురు తండ్రి వైపు చూసిన చూపు మాత్రం నాకు తగిలింది.

బయట వరండాలో అతణ్ణి పట్టుకున్నాను. "ఎందుకలా చెప్పావు మావా?"

"నిన్ను పంపించీస్తే నా సెయ్యి ఎవుడు పొడుస్తాడు? ఇక్కడికి రాకముందు పెద్దాస్పత్రిలో ఒకడు మూడేసిసార్లు పొడిసి సెయ్యంతా వాపించీవోడు." చొక్కా చెయ్యి కిందికి దించుకున్నాడు. "నీకూ తెలవక సేసేవు. తెలిసి ఇస్తావేటి?"

నాకు సిగ్గు కలిగింది, నిజమే. కానీ దానికంటే ముందు ఊరట కలిగింది. ఆ వరసలోనే కలిగాయి, మార్చి రాయలేను. అతని ఫైలు మీద ఎర్ర సిరాతో "రోగి సిబ్బంది సూచనలు పాటించలేదు" అని రాయాలన్నారు. మా గదిలో ఫైళ్లు రాసేది నేనే. రాశాను. తర్వాత సమయానికి స్పందించినందుకు నాకు ప్రశంసాపత్రం వచ్చింది. నర్సుకు రాలేదు. నాయకుడు మరుసటి ఏడాది దుప్పట్లు పంచాడు.

ఆ తర్వాత రెండేళ్లు అతను వచ్చాడు, వారానికి రెండుసార్లు. నేను సూది గుచ్చేవాణ్ణి. వానల గురించీ ధాన్యం గురించీ మాట్లాడుకునేవాళ్లం. ఆ మాట మళ్లీ ఇద్దరం ఎత్తలేదు. ఒక రోజు అతని వారానికి మంచం ఖాళీగా ఉంది. ఇంటి దగ్గరే, నిద్రలోనే గుండె ఆగిందట.

నా ఉద్యోగం ఇంకో వారంలో ముగుస్తుందనగా ఆ అమ్మాయి వచ్చింది. ఏదో పథకానికి తండ్రి వైద్యం కాగితాలు కావాలన్నారట. ఫైలు తీసి బల్ల మీద పెట్టాను. ఆమెకు చదువు రాదు. ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టింది.

"ఇదేటి బాబూ, ఎర్రగా రాసుంది?"

చదివాను. ఆమె తలూపింది. "అవును. మొండి మడిసి" అంది, కళ్లు తుడుచుకుంటూ. "అన్నీ మాట ఇనీవోడు. ఆ ఒక్కటీ ఎందుకు ఇనలేదో నాకు ఇప్పటికీ తెలవదు."

అప్పుడు చెప్పాను. అంత పెద్ద ధైర్యమేం కాదు, వారంలో ఇంటికి పోయేవాణ్ణి ఎవరేం చేస్తారు? కానీ చెప్పాను. "విన్నాడమ్మీ. వినే తిన్నాడు. తినమన్నది నేను. రెండు తిన్నా ఏం కాదన్నది నేను. ఆ రోజు నా ఉద్యోగం కోసం అబద్ధమాడాడు. నేను తలూపాను."

ఆమె ఎర్ర అక్షరాల మీంచి వేలు తీసింది.

"అన్నం పెట్టినప్పుడల్లా తిట్టేను బాబూ" అంది. "రెండేళ్లు. పండు కోసం పేనం మీదికి తెచ్చుకున్నావు, నీకు బుద్ది నేదన్నాను. కూరలో ఉప్పు నేదంటే తిట్టేను. దాహమంటే తిట్టేను. తలొంచుకుని తినీసి ఎల్లిపోయీవోడు. ఒక్కనాడూ కాదన్నేదు."

"నన్ను తిట్టు అమ్మీ."

"నిన్ను తిడితే ఆయనకి తెలుస్తాదేటి?" ఫైలు నా వైపు తోసింది. "ఇది కొట్టీసి రాయి బాబూ. మా నాన్న మాట ఇన్నాడని రాయి."

ఎర్ర అక్షరాల మీద అడ్డంగా కొట్టేసి, కింద తెలుగులో రాశాను. ఈ రోగి సిబ్బంది చెప్పిన ప్రతి మాటా విన్నాడు, తప్పు నాది అని. సంతకం పెట్టి తారీఖు వేశాను. చదవమంది. చదివాను. ఇంకోసారి చదవమంది.